తాళంలోని కొలత

మానవుడు సంపాదించడం నేర్చిన నాటినుండి దాచుకోవడం కూడా నేర్చాడు. దాచుకొన్నదానికి రక్షణగా తాళాన్ని కల్పించుకొన్నాడు. ప్రాచీన ఈజిప్టువాసులు కొయ్యతో చేసిన పిన్నుల తాళాలను వాడారు. అమెరికాకు చెందిన లైనస్ యేల్ 1848లో లోహపు పిన్నుల తాళానికి పేటెంటు పొందాడు. అదే పేరుగల ఆయన కుమారుడు 1860వ దశకంలో దానిని మెరుగుపరచి, జేబులో ఇమిడే చదునైన తాళంచెవిని రూపొందించాడు. మన దేశంలో అర్దెషీర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల తయారీని ప్రారంభించాడు. నేడు తలుపులకు బిగించే సిలిండరు తాళాలలో ఎక్కువ భాగం యేల్ చూపిన సూత్రంపైనే పనిచేస్తున్నాయి.

తాళం ఉన్నంతమాత్రాన రక్షణ ఉన్నట్లేనా? విజయవాడకు పడమట, హైదరాబాదు రహదారిపై ఉన్న ఇబ్రహీంపట్నాన్నే తీసుకొందాం. ఇక్కడి నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో పని ప్రారంభించింది. ఉద్యోగం కోసమో చదువు కోసమో ఇటువంటి ఊరికి వచ్చినవారు అద్దె ఇళ్ళలో ఉంటారు. బదిలీ కాగానే ఖాళీ చేస్తారు. వెళ్ళేటప్పుడు తాళంచెవిని యజమానికి అప్పగిస్తారు. కాని అంతకుముందు దానికి ఎన్ని మారుతాళాలు చేయించారో, అవి ఎవరి చేతులలో ఉన్నాయో ఎవరు చెప్పగలరు? పాత తాళంచెవితో లోపలికి వచ్చినవాడు తలుపు పగులగొట్టడు, ఆనవాలు మిగల్చడు. ‘ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’ అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కనుక ఇంట్లో కాపురం మారినప్పుడు పాత తాళంచెవి కూడా పనికిరాకుండా పోవాలి. సిలిండరును పూర్తిగా మార్చడం ఒక మార్గం. లోపలి పిన్నులను మాత్రమే మార్చి, అదే తాళాన్ని కొత్త తాళంచెవికి అనువుగా చేయడం మరొక మార్గం. ఈ రెండవ మార్గంలో పిన్నుల ఎంపికే ప్రధానం.

ముందుగా తాళం లోపలి అమరికను తెలుసుకొందాం. కదలని దిమ్మ మధ్యలో తిరిగే చిన్న స్తంభం ఒకటి ఉంటుంది. దీనిని ప్లగ్గు అంటారు. దిమ్మనుండి ప్లగ్గులోనికి సాధారణంగా అయిదారు సన్నని రంధ్రాలు ఉంటాయి. ప్రతి రంధ్రంలో కింద ఒక పిన్ను, దానిపై మరొక పిన్ను, ఆపైన స్ప్రింగు ఉంటాయి. ప్లగ్గూ దిమ్మా కలిసేచోటును సంధిరేఖ అనుకొందాం. తాళంచెవి లేనప్పుడు పై పిన్నులు ఈ రేఖకు అడ్డంగా నిలిచి ప్లగ్గును తిరగనీయవు. సరైన తాళంచెవి పెట్టినప్పుడు కింది పిన్నుల తలలన్నీ సరిగ్గా సంధిరేఖ వద్దకు చేరుతాయి. అప్పుడే ప్లగ్గు తిరుగుతుంది.

దీనినిబట్టి ఎంపిక సూత్రం తేటతెల్లమవుతుంది. తాళంచెవిపై గంటు లోతుగా ఉన్నచోట కింది పిన్ను పొడవుగా, గంటు తక్కువగా ఉన్నచోట పొట్టిగా ఉండాలి. గంటు వద్ద మిగిలిన తాళంచెవి ఎత్తును, పిన్ను పొడవును కూడితే వచ్చే మొత్తం ఒక తాళంలో ఎప్పుడూ స్థిరంగా ఉంటుంది. తయారీ సంస్థలు ఇందుకు తమ తమ కొలతల పట్టికలను పాటిస్తాయి. అమెరికాలోని ష్లేగ్ సంస్థ పట్టికను ఉదాహరణగా చూద్దాం. అందులో గంటు లోతులు 10 రకాలు. అతి తక్కువ గంటు వద్ద ఎత్తు 8.51 మి.మీ., పిన్ను 4.19 మి.మీ.; అతి లోతైన గంటు వద్ద ఎత్తు 5.08 మి.మీ., పిన్ను 7.62 మి.మీ. రెండు సందర్భాలలోనూ మొత్తం 12.7 మి.మీ. మాత్రమే. ఒక లోతుకూ మరొక లోతుకూ తేడా కేవలం 0.38 మి.మీ. ఒక సంస్థ పిన్నులు మరొక సంస్థ తాళానికి పొసగవు.

ఇంతటి సూక్ష్మభేదాన్ని కంటితో అంచనా కట్టరాదు. మీ భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజి వంటి పరికరాలే ఇక్కడ అక్కరకు వస్తాయి. అరిగిన తాళంచెవిని కొలిస్తే గంటు అసలుకంటె లోతుగా కనిపిస్తుంది. కనుక కొత్త తాళంచెవినే కొలవాలి. పిన్ను పొడవైతే సంధిరేఖను దాటి పైకి పొడుచుకొని వస్తుంది. పొట్టిదైతే పై పిన్ను ప్లగ్గులోనికి దిగుతుంది. రెండు సందర్భాలలోనూ తాళం తిరగదు.

ఈ దశలో కొందరు ఓపిక పట్టలేక, పైకి వచ్చిన పిన్నును ఆకురాయితో అరగదీస్తారు. లేదా ఆ రంధ్రాన్ని ఖాళీగా వదిలివేస్తారు. తాళం తిరుగుతుంది, కాని రక్షణ తరుగుతుంది. లెక్క చూడండి. అయిదు రంధ్రాలు, ఒక్కొక్కదానికి పది లోతులు ఉంటే లెక్కప్రకారం లక్ష అమరికలు సాధ్యం. ఒక రంధ్రం ఖాళీ అయితే అవి పదివేలకు పడిపోతాయి. అరగదీయడంవల్ల ఏర్పడే సందు కారణంగా, కొలత కొద్దిగా తప్పిన తాళంచెవికి కూడా తాళం లొంగిపోవచ్చు. ఇంటివారికి మాత్రం ఈ లోపం కనబడదు.

పని ముగిసిన తరువాత రెండు పరీక్షలు తప్పనిసరి. ప్లగ్గును దిమ్మలో అమర్చకముందే కొత్త తాళంచెవిని అందులో పెట్టి, పైభాగాన్ని వేలితో తడిమి చూడాలి; ఎత్తుపల్లాలు తగలరాదు. తాళం బిగించిన పిమ్మట పాత తాళంచెవిని కూడా పెట్టి చూడాలి. కొత్తది తిరగడం సగం విజయం మాత్రమే. పాతది తిరగకపోవడం మిగిలిన సగం.

కొత్తగా కాపురానికి వచ్చిన కుటుంబం రాత్రి నిశ్చింతగా నిద్రించడానికి ఆ తలుపు వెనుక ఉన్న ఆధారం అయిదారు చిన్న ఇత్తడి ముక్కలు. వాటిని ఎంచి అమర్చే పనివాని శ్రద్ధ ఎవరికీ కనిపించదు. అయినా అర మిల్లీమీటరుకు లోబడిన ఆ కొలతమీదనే ఒక ఇంటి నమ్మకం నిలుస్తుంది.