మాట సాయానికీ కులముంది

కొన్ని నెలల క్రితం రాజమహేంద్రవరంలో ఒక కళాశాల విద్యార్థులతో మాట్లాడటానికి వెళ్లాను. నాకంటే ముందు మాట్లాడిన వక్త ఉద్యోగాలకు చదువొక్కటే చాలదని, పరిచయాలు పెంచుకోవాలని, నెట్‌వర్క్ ఉన్నవాడికే భవిష్యత్తు ఉంటుందని చెప్పారు. ప్రశ్నల సమయంలో వెనుక బల్ల నుంచి ఒక అమ్మాయి లేచింది. కడియం వైపు నుంచి వస్తున్నదట. “సార్, మా ఇంట్లో ఫోనులో ఉన్న నంబర్లన్నీ పనికి పిలిచే మేస్త్రీలవే. మమ్మల్ని ఎవరితో మొదలుపెట్టమంటారు?” అని అడిగింది. వక్త చిరునవ్వు నవ్వి, ఆత్మవిశ్వాసం గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చున్నారు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. నేనూ ఆ కడియం మట్టిలో పెరిగినవాణ్ణే. ఆ వయసులో నాకూ అదే ప్రశ్న ఉండేది. అడిగే ధైర్యం లేకపోయింది.

కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, జేగురుపాడు గ్రామాల మీదుగా వెళ్లినవారెవరికైనా అక్కడి నర్సరీల పచ్చదనం గుర్తుండిపోతుంది. అక్కడినుంచి దేశం నలుమూలలకూ మొక్కల లారీలు బయలుదేరతాయి. ఈ వ్యాపారం కాగితాల మీద కంటే నోటిమాట మీదే ఎక్కువగా నడుస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న కొనుగోలుదారు ఫోను చేస్తే సరుకు ముందు వెళ్తుంది, డబ్బు తరువాత వస్తుంది. ఒకరి దగ్గర లేని రకాన్ని పక్క నర్సరీ నుంచి తెచ్చి లారీ నింపుతారు. ఎరువైనా, మట్టయినా, సంచులైనా నమ్మకం మీద అరువుకు దొరుకుతాయి. అంటే ఇక్కడ అసలు పెట్టుబడి భూమి, డబ్బు మాత్రమే కాదు. ఎవరు ఎవరిని నమ్ముతారన్నదీ పెట్టుబడే.

మా అమ్మ అలాంటి ఒక నర్సరీలో ఇరవై ఏళ్లు అంటు కట్టే పని చేసింది. ఆమె కట్టిన అంటు చావదని యజమాని పదిమందిలో మెచ్చుకునేవాడు. ఆ మెప్పును నమ్ముకుని అరెకరం కౌలుకు తీసుకుని సొంతంగా మొక్కలు పెంచింది. మొక్కలు బాగా వచ్చాయి. కొనేవారు రాలేదు. లారీలు మా గట్టు దాటి వెళ్లిపోయేవి. సంచులు అరువిచ్చే దుకాణదారు మమ్మల్ని మాత్రం రొక్కం అడిగాడు. ఒక్క కొనుగోలుదారుకు మా గురించి చెప్పమని అమ్మ పాత యజమానిని అడిగితే, “నీ పని సంగతి నాకు తెలియదా, కానీ వాళ్లకు మేం చెప్పకూడదమ్మా” అన్నాడు. రెండు వేసవులు గడిచాక ఆ కౌలు వదిలేశాం. అమ్మ తిరిగి కూలికి వెళ్లింది. ఆమెకు పని రాక కాదు. ఆమె తరఫున మాట చెప్పేవారు లేక.

దీనినే సంఘశాస్త్రం సామాజిక పెట్టుబడి అంటుంది. దగ్గరి చుట్టాలకంటే అంతంతమాత్రపు పరిచయస్థుల ద్వారానే కొత్త ఉద్యోగాల కబురు ఎక్కువగా అందుతుందని అమెరికన్ సంఘశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన వ్యాసం ప్రసిద్ధం. మన దేశంలో ఆ పరిచయస్థుల వలయం కూడా చాలావరకు కులం గీసిన గీత లోపలే ఉంటుంది. దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్లలో సుమారు 93 శాతం అగ్రకులాలవారేనని 2012లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ప్రైవేటు ఉద్యోగాలకు సమానమైన అర్హతలతో దరఖాస్తులు పంపినా, దళితుల పేర్లున్నవాటికి పిలుపు వచ్చే అవకాశం తక్కువని సుఖదేవ్ థోరట్, పాల్ ఆటవెల్ 2007లో చూపారు. ‘మీరేమిట్లు?’ అని గోదావరి జిల్లాల్లో నోటితో అడిగే ప్రశ్నను కంపెనీలు కాగితం మీది పేరు చూసి అడుగుతున్నాయన్నమాట.

ఆధిపత్య కులాలకు ఈ వలయాలు ఊరికే రాలేదు. గత శతాబ్దం ఆరంభం నుంచీ వారు కుల సంఘాలు పెట్టుకున్నారు, వసతి గృహాలు కట్టుకున్నారు. 1918లో హైదరాబాదులో వెలసిన రెడ్డి హాస్టల్ అందుకు పేరెన్నికగన్న ఉదాహరణ. పల్లెల పిల్లలు వాటిలో ఉండి చదువుకున్నారు. అది తప్పని ఎవరూ అనరు. అభ్యంతరమల్లా ఒక్కటే. వారు ఒకరికొకరు ఇచ్చుకున్నది మాట సాయం అయింది. మేము అదే పని చేస్తే కులపిచ్చి అవుతున్నది. వారి పరిచయం ప్రతిభకు గుర్తు. మా రిజర్వేషను ప్రతిభకు మచ్చ! పుట్టుకతో చేతికందిన సిఫార్సును ఎవరూ సిఫార్సుగా లెక్కించరు.

మరి కులం దాటిన పరిచయాలు పనికిరావా? వస్తాయి. అంబేడ్కర్ జీవితమే అందుకు సాక్ష్యం. 1907లో ఆయన మెట్రిక్ పాసైనప్పుడు కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే దళితేతర రచయిత తాను రాసిన బుద్ధుని జీవితచరిత్రను బహూకరించారు. తరువాత బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్‌కు ఆయనను పరిచయం చేసిందీ కేలూస్కరే. ఆ మహారాజు ఇచ్చిన ఉపకార వేతనంతోనే అంబేడ్కర్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఒక్క మాట సాయం ఎంత దూరం తీసుకువెళ్లగలదో చూడండి. అయితే కథ అక్కడితో ఆగలేదు. 1917లో బరోడా కొలువుకు వచ్చిన ఆయనకు ఆ నగరంలో అద్దెకు గది దొరకలేదు. పార్సీ సత్రంలో మారుపేరుతో దిగితే, కర్రలు పట్టుకుని వచ్చినవారు ఆయనను వెళ్లగొట్టారు. మహారాజు పరిచయం కొలువు ఇప్పించగలిగింది కానీ ఇరుగుపొరుగును ఇవ్వలేకపోయింది.

అందుకే ఆయన వ్యక్తుల దయ మీద ఆగిపోక సంస్థల నిర్మాణానికి పూనుకున్నారు. 1924లో బహిష్కృత హితకారిణి సభ, 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అలా పుట్టాయి. మన తెలుగు నేల మీద భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి స్థాపించారు. మా రాజమహేంద్రవరంలో కుసుమ ధర్మన్న ‘జయభేరి’ పత్రిక నడిపారు. 1985లో కారంచేడు మారణకాండ తరువాత పుట్టిన దళిత మహాసభలో కత్తి పద్మారావుతో కలిసి నడిచిన బొజ్జా తారకం మా కోనసీమ బిడ్డే. ఇవన్నీ మా నెట్‌వర్కులే. అయితే ఇవి విజిటింగ్ కార్డులతో కాదు, కన్నీళ్లతో, చందాలతో, జైళ్లతో ఏర్పడిన బంధాలు. అందుకే నిలిచాయి.

నేటి విద్యార్థులకు నేను చెప్పదలచింది ఇదే. సంక్షేమ వసతి గృహంలో, గురుకులంలో మీ పక్క మంచం మీద పడుకున్నవారే మీ తొలి పరిచయస్థులు, వారిని వదులుకోకండి. పూర్వ విద్యార్థుల సంఘాలు పెట్టుకోండి. వచ్చే ఏటి పిల్లవాడికి దరఖాస్తు నింపిపెట్టండి. మాల, మాదిగ అనే గీత ఆ గదిలోకి రానీయకండి. వర్గీకరణపై ఎవరి అభిప్రాయం ఏదైనా స్నేహాన్ని దానికి బలిపెట్టకండి. మా కడియంలో అంటు కట్టే చేతులు సహకార సంఘంగా ఏర్పడి, తమ పేరుతోనే మొక్కలు అమ్ముకునే రోజు రావాలి. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995 నుంచీ ఉంది. అలాంటి సంఘానికి తొలి రుణం, తొలి కొనుగోలు ప్రభుత్వమే ఇవ్వాలి. రోడ్ల పక్కన, పాఠశాలల్లో నాటే మొక్కలకు ఎటూ ప్రజాధనం ఖర్చవుతూనే ఉంది కదా!

ఇక గీతకు అవతల ఉన్న మిత్రులకు ఒక మాట. మన భాషలో ‘అంటు’ అన్న పదానికి రెండు అర్థాలున్నాయి. తోటలో అంటు అంటే రెండు మొక్కల కలయిక. వీధిలో అంటు అంటే మైల. మొదటి అంటుతో బతికే ఊరు రెండో అంటును ఇంకా వదులుకోలేదు. మా అమ్మ అంటు కట్టేటప్పుడు వేరున్న మొక్కకూ, పైన కట్టే కొమ్మకూ రెండింటికీ గాటు పెట్టేది. ఒకదానికే గాటు పెట్టి కడితే అతకదు, ఎండిపోతుంది. మనుషుల మధ్య బంధమూ అంతే. ఇన్నాళ్లూ గాటు ఒకవైపే పడింది. మీకు వారసత్వంగా వచ్చిన దానిలో కొంత కోల్పోవడానికి మీరూ సిద్ధపడాలి. పనిచేసే మనిషి పేరు కొనేవాడికి చెప్పడం, ఖాళీ ఉద్యోగం సంగతి బంధువుల గ్రూపులో కాక అందరికీ తెలిసేలా ప్రకటించడం, పెళ్లి పిలుపు మా పేట దాకా తేవడం, మా ఇంట భోజనానికి కూర్చోవడం, ఇవీ ఆ గాట్లు.

ఆ సాయంత్రం సభ ముగిశాక ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి నా నంబరు రాసిచ్చాను. “దీనితో మొదలుపెట్టమ్మా” అన్నాను. ఒక్క నంబరుతో ఆమె ప్రశ్న తీరదని నాకు తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది నేనొక్కణ్ణే కాదు.