చెత్తకూ గాలి కావాలి

చెత్తబుట్ట మూత తీయగానే ముక్కు మూసుకుంటారు కదర్రా పిల్లలూ, ఆ కంపు ఎక్కణ్ణుంచి వస్తోందో ఎప్పుడైనా ఆలోచించారా? పొద్దున అమ్మ చెక్కు తీసినప్పుడు బీరకాయ తొక్కకు ఆ కంపు లేదు. అరటి తొక్కకూ లేదు. నల్ల కవర్లో వేసి గట్టిగా ముడివేశాక, రెండో రోజుకి ఎందుకొచ్చింది?

ఆ ముడి వల్లే. తొక్కల్ని తినడానికి కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాచుకుని ఉంటాయి. వాటిలో గాలి పీలుస్తూ తినేవి ఒక జట్టు. అవి తినగా మిగిలేది కార్బన్ డయాక్సైడు, నీరు, కాస్త వేడి, నల్లటి ఎరువు. గాలి లేనిచోట బతికేవి ఇంకో జట్టు. కవర్లో ఆక్సిజన్ అయిపోగానే ఈ రెండో జట్టుది పైచేయి అవుతుంది. పుల్లటి ఆమ్లాలు, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడు, చివరకు మీథేన్ పుడతాయి. మీథేన్‌కి వాసన లేదు, రంగు లేదు. అందుకే దాన్ని మనం పట్టించుకోం. భూమిని వేడెక్కించడంలో మాత్రం అది నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 28 రెట్లు బలమైనది.

ఇప్పుడు ఆ కవర్లు లక్షల్లో ఒకేచోట గుట్టగా పడితే ఏమవుతుంది? పైనుంచి వాన కురుస్తుంది. ఆ నీరు కుళ్లిన కూరల్లోంచి, పారేసిన బ్యాటరీల్లోంచి దిగుతూ ఆమ్లాల్నీ లోహాల్నీ మోసుకుని నల్లటి ద్రవంగా అడుగున ఊరుతుంది. హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ దిబ్బ నుంచి అలాంటి మురుగే మల్కారం చెరువులోకి చేరింది. ఇక లోపల పేరుకున్న మీథేన్ మండే వాయువు. అలాంటి గుట్టకు నిప్పంటుకుంటే ఆర్పడం మహాకష్టం. 2023 మార్చిలో కొచ్చి దగ్గర బ్రహ్మపురం చెత్తగుట్ట అంటుకుని పది రోజులకు పైగా రగిలింది. పొగకి బడులు మూసేశారు. ఆ పొగంతా పీల్చింది చుట్టుపక్కల కాపురాలున్న వాళ్లే. మనింటి చెత్త మన వీధి దాటితే చాలనుకోవడం అందుకే నాకు నచ్చదు.

వెనక మన పల్లెల్లో వంటింటి చెత్త వీధిలోకి వచ్చేదే కాదు. బియ్యం కడిగిన నీళ్లు, తొక్కలు, మిగిలిన అన్నం కుడితి తొట్టిలో పడేవి, గేదె తాగేది. పేడ, ఊడ్చిన ఆకులు పెంటకుప్పకు పోయేవి. చలికాలం పొద్దున్నే పెంటకుప్పను పారతో తిరగేస్తే ఆవిరి లేస్తుంది. గాలి పీల్చే జట్టు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. మీటరు ఎత్తు, మీటరు వెడల్పున్న కుప్పలో వేడి 60 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ వేడికి రోగక్రిములూ కలుపు విత్తనాలూ చాలావరకు చచ్చిపోతాయి.

అపార్టుమెంటులో గేదె ఎక్కడిది తాతయ్యా అంటారు. ఒక పాత బకెట్ చాలు. అడుగునా పక్కలా చిల్లులు పెట్టండి. ముందు ఎండుటాకులు పరవండి. రోజూ తొక్కలు వేయండి, వాటి మీద అంతే ఎండుటాకులో కొబ్బరి పొట్టో కప్పండి. ఈ కప్పడంలోనే కిటుకంతా ఉంది. సూక్ష్మజీవులకు ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కార్బన్ కావాలి. పచ్చి తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. రెండూ కలిస్తే వాటికి సరిపడా భోజనం. పైగా ఆకుల సందుల్లోంచి గాలి ఆడుతుంది. మొదట్లో గుప్పెడు పాత ఎరువు వేస్తే పని త్వరగా అందుకుంటుంది. వారానికోసారి కలియబెట్టండి. కంపు వచ్చిందా, తడి ఎక్కువైందన్నమాట. ఇంకాస్త ఎండుటాకు వేయండి. బకెట్ చిన్నది కనుక పెంటకుప్పంత వేడెక్కదు. అందుకని మాంసం, ఎముకలు, నూనె కూరలు అందులో వేయకండి. రెండు మూడు నెలలకి తొలకరి మట్టి వాసన వేసే ఎరువు దిగుతుంది. వాన మట్టిలోనూ ఈ ఎరువులోనూ ఆ పరిమళం జియోస్మిన్ అనే పదార్థానిదే.

తడి చెత్త పక్కకు తప్పుకుంటే పొడి చెత్తకు విలువ వస్తుంది. సాంబారు కారిన పేపరును పాత పేపర్లాయన తీసుకోడు. పేపరు మిల్లులో కాగితాన్ని నీళ్లలో నానబెట్టి గుజ్జు చేస్తారు. నూనె ఆ పీచుకు అంటుకుంటే వదలదు, కొత్త కాగితం మచ్చలు పడుతుంది. శుభ్రమైన కాగితాన్నైనా అయిదారు సార్లకు మించి తిప్పలేం, తిప్పిన ప్రతిసారీ పీచు పొట్టిదైపోతుంది. అల్యూమినియం అలా కాదు, ఎన్నిసార్లు కరిగించినా అల్యూమినియమే. బాక్సైట్ ఖనిజం నుంచి కొత్తగా తీసే బదులు పాత డబ్బాను కరిగిస్తే ఇంధనం దాదాపు 95 శాతం ఆదా. చిప్స్ ప్యాకెట్ సంగతి వేరు. ప్లాస్టిక్ పొరలూ లోహపు పూతా అంటుకుపోయి ఉంటాయి, విడదీయడం గగనం. అలాంటివి కొనకుండా ఉండటమే మేలు. టీ బండి దగ్గరి కాగితం కప్పుకూ లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. మన మోదుగాకు విస్తరికి ఏ పొరా అక్కర్లేదు.

“మేం వేరుచేసినా బండిలో అన్నీ కలిపేస్తారు కదా” అని మీ నాన్న అనొచ్చు. కొన్నిచోట్ల అది నిజమే. కానీ తొక్కలు మీ బకెట్లోనే ఎరువైపోతే, బండిలో కలపడానికి తడి మిగలదు. అందరూ పూనుకుంటే ఊళ్లే మారతాయి. ఇండోర్‌లో తడిచెత్త విడిగా వస్తుంది కాబట్టే, రోజుకు 550 టన్నుల నుంచి గ్యాస్ తీసే ప్లాంటు 2022లో పెట్టగలిగారు. మనం తిట్టుకున్న మీథేనే అక్కడ మూసిన ట్యాంకుల్లో పుట్టి బస్సులు నడుపుతోంది.

హోటళ్లూ ఫంక్షన్ హాళ్లూ ఇంకా బాధ్యత తీసుకోవాలి. రోజుకు వంద కిలోలు దాటి చెత్త వచ్చేచోట తడిచెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చాలని 2016 నాటి చెత్త నిర్వహణ నిబంధనలే చెప్పాయి. కాగిన నూనెనూ డ్రెయిన్‌లో పోయక్కర్లేదు, దాన్నుంచి బయోడీజిల్ చేస్తారు.

రేపు వంటింట్లో రెండో బుట్ట పెట్టించండి, తడికొకటి, పొడికొకటి. బ్యాటరీలు, పాత మందుబిళ్లలు, పగిలిన బల్బులు ఈ రెంటిలోనూ పడకుండా ఒక డబ్బాలో విడిగా దాచండి. పెద్దవాళ్లు మరిచిపోతే మీరే గుర్తు చేయండర్రా. ఇంట్లో మీ మాట చెల్లుతుంది.