శుక్లం తీసే పనిముట్లు

సూదిలో దారం ఎక్కించలేక ఇంటి పెద్దలు మనవరాలిని పిలవడం మనం నిత్యమూ చూసే సంగతే. చాలామందిలో ఆ చూపు మందగించడానికి కారణం శుక్లం. కంటిలోపల స్ఫటికంవలె స్వచ్ఛమైన కటకం ఒకటి ఉన్నది. వయసు మీరినకొద్దీ అది మసకబారుతుంది. దీనికి శస్త్రచికిత్స తప్ప వేరు మార్గం లేదు. అయినా, "శుక్లం ఇంకా ముదరలేదు, ముదరనివ్వండి" అంటూ ఏళ్ల తరబడి వేచి ఉండేవారు నేటికీ మన ఇళ్లలో ఉన్నారు. ఈ సలహా ఎక్కడనుంచి వచ్చినదో తెలియాలంటే, వైద్యుని చేతిలోని పనిముట్ల కథ తెలుసుకోవలెను.

ముందుగా ఆ పని ఎంత సున్నితమైనదో చూతాము. కటకం అడ్డుకొలత సుమారు 10 మిల్లీమీటర్లు. దానిని పలుచని సంచివంటి పొర ఒకటి కప్పి ఉంటుంది. ఆ సంచి వెనుకభాగం మందం మిల్లీమీటరులో సుమారు 250వ వంతు మాత్రమే. నేటి చికిత్సలో ఆ సంచిని నిలిపి, లోపలి మసకబారిన పదార్థాన్ని మాత్రం తీయవలెను.

ప్రాచీన కాలంలోనే సుశ్రుతుడు ఈ వ్యాధికి చికిత్స చెప్పినాడు. యవగింజ మొనవంటి కొన గల శలాకతో శుక్లాన్ని చూపుదారినుంచి తొలగించే పద్ధతి అది. ఆయన 101 యంత్రాలను, 20 శస్త్రాలను పేర్కొని, యంత్రాలన్నిటిలోనూ చేయే ప్రధానమైనదని చెప్పినాడు. పరికరం చేతికి లోబడి ఉండవలెనన్న సూత్రం నేటికీ చెల్లుతుంది.

1747లో జాక్ దవియెల్ అనే ఫ్రెంచి వైద్యుడు కంటిని కోసి శుక్లాన్ని వెలికి తీసినాడు. ఇది గొప్ప ముందడుగు. కాని కటకాన్ని ముక్కలు కాకుండా తీయాలంటే గాయం కూడా అంత పెద్దది కాక తప్పదు. తరువాతి కాలంలో కూడా రోగులు తలకు ఇరువైపులా ఇసుకసంచులు పెట్టుకొని, రోజుల తరబడి కదలక పడుకోవలసి వచ్చేది. శుక్లం ముదిరితే సంచినుంచి తేలికగా విడివడుతుంది. లేతగా ఉంటే జిగురుగా అంటుకొని కొంత లోపలనే మిగిలిపోతుంది. "ముదరనివ్వండి" అన్న మాటకు ఆధారం ఇదే. ఆనాటి పనిముట్లకు అది సరియైన సలహా.

సూక్ష్మదర్శిని కింద శస్త్రచికిత్స మొదలైన తరువాత చేతి పనిముట్ల రూపం మారినది. మెరిసే లోహం దీపకాంతిని వైద్యుని కంటిలోకి కొడుతుంది కనుక వాటి ఉపరితలాన్ని మెరుపు లేకుండా చేసినారు. తేలికగా ఉండి అయస్కాంతానికి అంటని టైటానియం లోహాన్ని వాడినారు. మణికట్టు తిప్పనక్కర లేకుండా వేళ్ల మధ్యనే దొర్లించడానికి వీలుగా కొన్నిటి పిడులను గుండ్రంగా చేసినారు. పట్టకారు స్ప్రింగు బిగువు ఎక్కువైతే వేళ్లు అలసి వణుకుతాయి. తక్కువైతే పట్టు తెలియదు. తలవెంట్రుక కన్న సన్నని నైలాను దారాన్ని పట్టవలసిన ఆ మొనల నడుమ ఇసుమంత సందు ఉన్నా దారం జారిపోతుంది.

అయితే గాయాన్ని చిన్నది చేసిన ఆలోచన పళ్ల వైద్యుని కుర్చీలో పుట్టినది. న్యూయార్కు నేత్రవైద్యుడు చార్లెస్ కెల్మన్, పళ్లకు పట్టిన గారను అతిధ్వని కంపనాలతో తొలగించే పరికరాన్ని అక్కడ చూసినాడు. పంటిని కదల్చకుండానే గార ఊడి వస్తున్నది. సంచిని చించకుండా శుక్లాన్ని ఇట్లా పొడి చేయరాదా అన్నది ఆయన ఆలోచన. 1967లో ఆ పద్ధతిని తొలిసారి మనిషి కంటిపై ప్రయోగించినాడు.

ఆ పరికరం కొనలో బోలు సూది ఒకటి ఉంటుంది. అది సెకనుకు సుమారు 40,000 సార్లు కంపించి శుక్లాన్ని పగులగొడుతుంది. ఆ ముక్కలను సూది రంధ్రమే పీల్చివేస్తుంది. ఇందులో రెండు చిక్కులున్నవి. కంపనంవలన వేడి పుట్టి గాయం అంచులు కాలవచ్చును. లోపలి ద్రవాన్ని పీల్చితే కన్ను కుంగవచ్చును. సూది చుట్టూ ఒక తొడుగు అమర్చి, దాని గుండా ఉప్పుద్రవం పంపడంతో రెండూ తీరినవి. ఆ ద్రవం సూదిని చల్లబరుస్తుంది, పోయిన ద్రవం లోటునూ పూరిస్తుంది. 10 మిల్లీమీటర్లకు మించిన గాయం 3 మిల్లీమీటర్లకు తగ్గినది. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి అమర్చిన కృత్రిమ కటకం కూడా తరువాత మడిచి పెట్టదగినదైనది. ఇప్పుడు చాలామంది ఆనాడే ఇంటికి వెళ్లుచున్నారు.

చేయే ప్రధానమన్న మాటకు మదురైలోని డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారి జీవితమే నిదర్శనం. కీళ్లవాతంతో ఆయన వేళ్లు వంకరపోయినవి. ఆయన తన చేతికి తగిన పనిముట్లను రూపొందించుకొని, లక్షకు మించిన కంటి శస్త్రచికిత్సలు చేసినారు. 1976లో అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించినారు.

పనిముట్టు మారినప్పుడు సలహా కూడా మారవలెను. ముదిరిన శుక్లం గట్టిపడుతుంది. దానిని పగులగొట్టడానికి ఎక్కువ కంపనశక్తి కావలెను, కంటికి శ్రమ కూడా ఎక్కువ. కనుక ఈ పత్రికలోని అక్షరాలు మసకగా కనబడి, మరొకరిచేత చదివించుకొని వింటున్న పెద్దలు మీ ఇంట ఉన్నట్లయితే, ముదిరేవరకు ఆగక ఇప్పుడే వారిని నేత్రవైద్యునివద్దకు తీసుకొనివెళ్లండి.