కలిసి నడచు ధ్వనియంత్రములు

రెండు గోడగడియారములను ఒకే వేళకు సరిచేసి విడిచినచో, కొన్నాళ్లకు అవి వేర్వేరు వేళలు చూపుట అందరును ఎరిగినదే. కలిసి బయలుదేరినవన్నియు కలిసి నడువవు. ధ్వనిముద్రణశాలలోని యంత్రములకును ఇదే చిక్కు కలదు.

ఒక పాట సిద్ధమగుచున్నదనుకొనుడు. గాయకుని కంఠము టేపుపై ముద్రింపబడియున్నది. దరువును సీక్వెన్సరు నడుపుచున్నది. సీక్వెన్సరు శబ్దమును దాచుకొనదు. ఏ స్వరమును ఎప్పుడు, ఎంతసేపు, ఎంత బలముతో పలికింపవలెనో తెలుపు ఆజ్ఞలను వరుసగా దాచుకొని, వేళకు వాద్యయంత్రములకు పంపును. టేపును, సీక్వెన్సరును ఒకే క్షణమున ప్రారంభించినను, పాట ముగియుసరికి కంఠమొక దారిని, దరువొక దారిని పట్టవచ్చును.

తేడా ఎట్లు వచ్చును?

ముద్రణశాలలలో టేపు సాధారణముగా సెకండునకు 15 లేక 30 అంగుళముల వేగముతో నడచును. సినిమా ఫిల్మునకు వలె దీని అంచున రంధ్రములుండవు. కాప్‌స్టన్ అను తిరుగుడు ఇరుసునకును, రబ్బరు చక్రమునకును నడుమ ఒరిపిడిచేత లాగబడును. కావున అది రవంత జారవచ్చును, సాగవచ్చును. వేగము వేయింట ఒక వంతు తగ్గినదనుకొనుడు. 4 నిమిషముల పాటలో, అనగా 240 సెకండ్లలో, తేడా 0.24 సెకండు. నిమిషమునకు 120 దెబ్బల దరువులో దెబ్బకును దెబ్బకును నడుమ ఎడము 0.5 సెకండు మాత్రమే. పాట చివరకు కంఠము ఇంచుమించు సగము దెబ్బ వెనుకబడును. తాళము తప్పినట్లు సామాన్య శ్రోతకు సైతము తెలిసిపోవును.

నడక, చోటు

ఈ చిక్కునకు విరుగుడు టేపుచేతనే కాలమును చెప్పించుట. 1983లో వెలువడిన మిడి పద్ధతిలో గడియార స్పందములు కలవు. పాశ్చాత్య సంగీతమందలి ఒక క్వార్టర్ నోటునకు ఇవి 24 చొప్పున వచ్చును. ఇవి నడకను తెలుపును గాని చోటును తెలుపవు. టేపును పాట నడుమనుండి తిప్పినచో, అది ఎన్నవ దెబ్బయో ఈ స్పందములు వినిన మాత్రమున తెలియదు.

చోటును తెలుపుటకు కాలసంకేతము వలెను. 1960-70 దశకపు చివర టెలివిజను టేపుల కూర్పునకై అమెరికాలో రూపొందిన ఎస్.ఎం.పి.టి.ఇ. సంకేతము ఇట్టిది. టేపుపై ఒక పథమును దీనికే కేటాయింతురు. ప్రతి ఫ్రేమునకును 80 బిట్లుండును. గంట, నిమిషము, సెకండు, ఫ్రేము సంఖ్యలు వానిలో ఇమిడియుండును. సెకండునకు 25 ఫ్రేముల లెక్కలో ఇవి 2,000 బిట్లగును. ప్రతి బిట్టు మొదటను విద్యుత్సంకేతము ఒకసారి మారును. బిట్టు 1 అయినచో నడుమ మరియొకసారి మారును. అందుచే టేపు వేగము కొంత మారినను, వెనుకకు తిరిగినను సంకేతమును చదువవచ్చును. 1987లో మిడి కాలసంకేతము ఏర్పడి, ఈ సంఖ్యలను సీక్వెన్సరునకు అందించు మార్గమును సులభము చేసినది.

ముద్రిత శబ్దపు మొండితనము

సీక్వెన్సరు విధేయురాలు. టేపు మందగించినచో తరువాతి ఆజ్ఞను రవంత ఆలస్యముగా పంపును. కంప్యూటరులో ముద్రితమైన శబ్దము అట్లు ఆగలేదు. అది సెకండునకు 44,100 లేక 48,000 నమూనాల ఎడతెగని వరుస. కాలసంకేతమును చూచి సరియైన చోట ప్రారంభమైనను, పిమ్మట తన క్వార్ట్జు స్ఫటికము చూపిన వేగముతోనే పోవును. ఆ స్ఫటికమున పది లక్షలకు 50 వంతుల తేడా యున్నచో, గంటకు 0.18 సెకండు తప్పును. అనగా 25 ఫ్రేముల లెక్కలో నాలుగు ఫ్రేములకు పైబడును. నటుని పెదవులకును మాటకును పొత్తు చెడుటకు అది చాలును.

ఇందుకు మార్గములు రెండు. నమూనాల గడియారమును టేపు సంకేతమునకు కట్టివేయుట మొదటిది. టేపు మందగించినచో శబ్దమును మందగించును. శ్రుతి రవంత మారినను అన్నియు కలిసియే మారును. టేపు యంత్రపు మోటారునే సవరించుచు, అది ప్రధాన గడియారమును వెన్నాడునట్లు చేయుట రెండవది. డిజిటల్ యంత్రములు పెక్కు కలిసినచోట, ఒక్కొక్క నమూనాకు ఒక స్పందము చొప్పున పంపు వర్డ్ క్లాకు అన్నింటిని ఏకముగా నడుపును.

విద్యార్థులు ఒక లెక్క వేయవచ్చును. 44,100 నమూనాలతో ముద్రించిన 4 నిమిషముల పాటను పొరపాటున 48,000 చొప్పున వినిపించినచో, అది 220.5 సెకండ్లకే ముగియును. శ్రుతియు ఇంచుమించు ఒకటిన్నర స్వరస్థానము పెరుగును.

నేడు టేపు వాడుక తగ్గినను సూత్రము మారలేదు. చోటు తెలియవలెను, నడక కుదురవలెను, నాయకత్వము ఒక్క గడియారమునకే ఉండవలెను. వీనిలో ఏది లోపించినను మేళము చెదరును.