ఏ తిరుమలగిరో గూగుల్‌కు తెలియాలి

తిరుమలగిరిలో సెంట్రింగ్ సామాను కిరాయికిచ్చే కొత్త దుకాణం ఒకటి వెబ్‌సైట్ పెట్టుకుందనుకుందాం. చిరునామాలో ఊరి పేరొక్కటే ఉంది. ఆ ఊరివాళ్లకు అది చాలు, గూగుల్‌కు చాలదు. సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే దారిలో ఉన్న తిరుమలగిరి ఒకటి, మన దుకాణం ఇక్కడిదే. నల్లగొండ జిల్లాలో తిరుమలగిరి (సాగర్) మండలం ఉంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఇంకొకటి ఉంది. కోదాడ దాటి ఆంధ్రలోకి వెళితే జగ్గయ్యపేట దగ్గర మరొకటి.

పైగా సూర్యాపేట జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరులో. పాత చిరునామాల్లో ఇప్పటికీ నల్లగొండ జిల్లా అనే ఉంటుంది. అందుకే మండలం, జిల్లా, పిన్‌కోడ్, ఫోన్ నంబరు పూర్తిగా రాయాలి. సైట్‌లోనూ, గూగుల్ మ్యాప్‌లోనూ ఒకేలా ఉండాలి.

2021లో తెలంగాణ ప్రభుత్వ పథకం దళితబంధుకు ఎంపికైన నాలుగు మండలాల్లో ఈ తిరుమలగిరి ఒకటి. ఒక్కో దళిత కుటుంబం 10 లక్షల రూపాయల సాయంతో సొంత ఉపాధి చూసుకోవాలన్నది ఆ పథకం ఉద్దేశం. ఇలాంటి చోట కొత్త వ్యాపారికి ప్రతి రూపాయీ విలువైనదే. ప్రచారానికి ఖర్చు పెట్టేముందు వెతుకులాట ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మేలు.

ముందు క్రాలర్ (వెబ్ పేజీలు చదువుతూ తిరిగే ప్రోగ్రాం) వస్తుంది. చదివిన పేజీని ఇండెక్స్‌లో (గూగుల్ దాచుకునే సూచిక) చేర్చవచ్చు. ఎవరైనా వెతికినప్పుడు ఆ సూచికలోంచే తీసి వరుస పెడుతుంది. క్రాలర్ ఎక్కువగా ఒక పేజీలోని లింకు పట్టుకుని ఇంకో పేజీకి పోతుంది. కొత్త సైట్‌కు బయటి నుంచి లింకులుండవు. కాబట్టి సెర్చ్ కన్సోల్‌లో (సైట్ యజమానులకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సాధనం) సైట్‌మ్యాప్ (పేజీల జాబితా) ఇవ్వాలి. సైట్ కట్టేటప్పుడు పెట్టిన 'నోఇండెక్స్' (సూచికలో చేర్చవద్దనే ఆదేశం) తీసేశారో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. అది మిగిలిపోతే మిగతా శ్రమంతా వృథా.

ఇక పేజీలో ఏముండాలి? రేట్ల కార్డు ఫొటో పెట్టి వదిలేస్తే సరిపోదు. షీట్లు, జాకీలు, మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం), రోజు కిరాయి, డిపాజిట్ అన్నీ అక్షరాల్లో రాయాలి. తుంగతుర్తి, నాగారం, అర్వపల్లి దాకా బండి పంపుతారా? అదీ రాయాలి. అంతేగాని ఊరి పేరు మార్చి అదే పేజీని పదిసార్లు పెట్టకూడదు. గూగుల్ దాన్ని మోసంగానే చూస్తుంది. 'మెటా కీవర్డ్స్' (పేజీ వెనక దాచి రాసే పదాల జాబితా) లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. ఇప్పటికీ వాటికి డబ్బు తీసుకునేవాళ్లున్నారు.

ఇలాంటి దుకాణానికి నా దృష్టిలో సైట్ కంటే ముందు కావలసింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్‌లో కనిపించే దుకాణం వివరాలు). ఇదీ ఉచితమే. అక్కడ వరుస మూడు విషయాల మీద ఆధారపడుతుంది: అడిగినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దూరం, ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. సూర్యాపేటలో నిలబడి వెతికేవాళ్లకు సూర్యాపేట దుకాణాలే ముందు కనిపించవచ్చు. అది సైట్ లోపం కాదు. పేరు మాత్రం సంపాదించుకోవచ్చు. సామాను తీసుకెళ్లినవాళ్లను నిజాయితీగా రివ్యూ రాయమని అడగవచ్చు, తగ్గింపు ఆశ చూపి రాయించుకోవడం నిషిద్ధం.

వారంలో మొదటి పేజీకి తెస్తామని ఫోన్లు వస్తాయి. నమ్మి అప్పు తెచ్చి కట్టొద్దు. డబ్బు తీసుకుని మామూలు ఫలితాల్లో ముందుకు జరపడం గూగుల్‌లో లేదు. ప్రకటనల చోటు వేరు. మార్పులు చేసి, వాటి ఫలితం కనిపించడానికి నాలుగు నెలల నుంచి ఏడాది పట్టవచ్చని గూగులే 2017లో చెప్పింది.

ఈలోగా నెలకోసారి సెర్చ్ కన్సోల్ తెరిచి, జనం ఏ మాటలతో వెతికితే సైట్ కనిపించిందో చూడాలి. మీరు 'అద్దె' అని రాశారు, వాళ్లు 'మిల్లర్ కిరాయి' అని వెతుకుతున్నారు అనుకోండి. ఆ మాటనే పేజీ శీర్షికలోకి తీసుకురావాలి.