లక్ష్యము వ్రాసిన చాలునా?

ఇంటెల్ కంపెనీలో ఆండ్రూ గ్రోవ్ 1970వ దశకమున ఒక పద్ధతి నడపెను. ప్రతి జట్టును తన లక్ష్యమును, దానిని కొలుచు ఫలితములను ముందుగా వ్రాసికొనవలెను. 1999లో జాన్ డోయర్ దీనిని గూగులువారికి నేర్పెను. అచ్చట సున్న మొదలు ఒకటి వఱకు మార్కులు వేయుదురు, 0.7 వచ్చిన మేలే యందురు. ఇప్పుడీ లెక్కకు సాఫ్ట్‌వేరులు గలవు.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు కంప్యూటర్లు అమర్చుటకు కేంద్ర మంత్రివర్గము 2022లో సమ్మతించెను గావున ఈ మాట మనకును పట్టును. యంత్రము మనము ఎక్కించినదే చూపును. "మార్చి 31 నాటికి బాకీలన్నియు వసూలు" అని వ్రాసి మార్చిలోనే తెఱచి చూచినచో, జనవరిలో ఎవరి పైరు చెడెనో పంచాయతుదారులకు తెలియుటెట్లు? వసూళ్లను వారమువారము ఎక్కింపవలెను. ఎక్కించువాని పేరును ఉండవలెను. వెనుకబడినచో కారణము వ్రాయవలెనే గాని లక్ష్యమును దిద్దరాదు. దిద్దినచో తెరపై అంతయు సవ్యముగనే కనుపించును. పైరు చెడిన రైతు వాయిదా పెంపునకు అర్జీ పెట్టుకొను సమయము మాత్రము దాటిపోవును.