తాతగారి దెయ్యాలు... మనవడి సినిమా!

సత్యజిత్ రే పేరెత్తగానే "అబ్బే, అవార్డు సినిమాలండీ, మనకెందుకు!" అని తప్పుకునే కుర్రాళ్లు నాకు చాలామంది తెలుసు. అలాంటివాళ్లకు నేను ముందుగా చూడమనేది 'గూపీ గాయిన్ బాఘా బాయిన్' (1969). పాట రాని గూపీని, డోలు రాని బాఘాను ఊళ్లోంచి తరిమేస్తారు. అడవిలో దెయ్యాల రాజు వాళ్లను మెచ్చి మూడు వరాలిస్తాడు. ఆరు నిమిషాలకు పైగా సాగే ఆ దెయ్యాల నాట్యం చూస్తే మన విఠలాచార్యగారు కూడా భుజం తట్టేవారే!

ఇంతకీ ఆ దెయ్యాలు రే సొంతం కావు. తాతగారివి.

తాత ఉపేంద్రకిశోర్ 1913లో పిల్లలకోసం 'సందేశ్' పత్రిక పెట్టారు. బెంగాలీలో ఆ మాటకు వార్త అనీ అర్థమే, మిఠాయి అనీ అర్థమే. రాసేదీ, బొమ్మలు వేసేదీ, సొంత ప్రెస్సులో అచ్చొత్తేదీ ఆయనే. గూపీ కథ అందులోనే వచ్చింది. 1915లో ఆయన పోయారు. హాస్య గేయాలతో బెంగాలీ పిల్లల్ని పొట్టచెక్కలయ్యేలా నవ్వించిన తండ్రి సుకుమార్ 1923లో కాలా అజార్‌తో పోయారు. అప్పటికి సత్యజిత్‌కు రెండున్నరేళ్లు! తర్వాత ప్రెస్సూ పోయింది, ఇల్లూ పోయింది. తల్లి పిల్లవాణ్ణి తీసుకుని పుట్టింటివారి పంచన చేరింది.

అంటే ఆ కుర్రవాడికి తాతా, తండ్రీ దొరికింది అచ్చులోనే.

1961లో, ప్రపంచమంతా పేరు మోగిపోతున్న రోజుల్లో, ఆగిపోయిన 'సందేశ్'ను రే మళ్లీ బతికించాడు. తోడు కవి మిత్రుడు సుభాష్ ముఖోపాధ్యాయ్. మరి పత్రిక పెట్టాక కథలు కావద్దూ! అలా పుట్టుకొచ్చారు సైంటిస్టు ప్రొఫెసర్ శంకు, ఆ వెనక 1965లో డిటెక్టివ్ ఫెలూదా.

ఇక్కడే నాకు సరదా. శంకు డైరీలో సిరా తనంతట తనే రంగులు మారుతుంది. రే చిన్నాన్న ఒకాయన నిజంగానే రంగురంగుల సిరాలతో డైరీ రాసేవాడట! ఒక చిన్నతాత షెర్లాక్ హోమ్స్‌ను బెంగాలీ చేశాడు. ఇంకో చిన్నతాత సర్వే ఉద్యోగంలో అడవులు పట్టి తిరిగి, ఆ సాహసాలు 'సందేశ్'లో రాశాడు. ఇంట్లోనే ఇంత సరుకుంటే వేరే వెతుక్కోవాలా? ఇక ఫెలూదా... తొమ్మిదో ఏట తల్లిదండ్రులు పోయి, చిన్నాన్న ఇంట్లో పెరిగినవాడు. ఆ ఒక్క ముక్క రే ఊరికే రాశాడంటే నేను నమ్మను.

సినిమా సంగతికొస్తే, పిల్లలు చూసే సినిమా ఒకటి తీయమని అడిగింది కొడుకు సందీప్. డబ్బు పెట్టేవాళ్లు సులువుగా దొరకలేదు. రంగుల్లో తీద్దామనుకున్నది కాస్తా చివరి సీనులో మాత్రమే రంగు మిగిలింది. పాటలూ, సంగీతం రేవే. గూపీగా వేసిన తపేన్ చటర్జీ 'సందేశ్' ఆఫీసులో పనిచేసిన మనిషే. సెకండాఫ్ కాస్త లాగినట్టుంటుంది గానీ, రాజుగారి కొలువులో గూపీ గొంతు విప్పే సీను వచ్చిందా... అంతే!

నచ్చిందా, ఆ వెంటనే 'సోనార్ కెల్లా' (1974) చూడండి. ఫెలూదా జైసల్మేర్ కోటకు బయల్దేరతాడు. రైలు వెనకాల ఒంటెల పరుగు ఉంది. అది నేను చెప్పను!